వినిపించు యంత్రము, ఆలకించు యంత్రము

గెలిచినవారి కథనే చరిత్రగా చదువుట మనకు అలవాటు. ఓడినవారు గెలిచియుండిన లోకమెట్లుండెడిదో యూహించుట పనిలేనివాని పనియని కొందఱు నవ్వవచ్చును. నేను ఉద్యోగము విరమించిన గుమాస్తాను గనుక ఆ పరిహాసమును సంతోషముతోనే స్వీకరింతును. అయినను జేబులో నిమిడెడి పాటల యంత్రముల విషయమున ఇట్టి యూహ, తమిళనాట స్థిరపడిన మన కుటుంబములకు కొంత పనికివచ్చునని నా నమ్మకము.

జపాను దేశపు సోనీ సంస్థవారు పత్రికావిలేకరుల కొఱకు ప్రెస్‌మన్ అను చిన్న టేపురికార్డరును చేసిరి. అది మాటను గ్రహించును, మరల వినిపించును. సంస్థ స్థాపకులలో నొకరైన మసారు ఇబుకా విమాన ప్రయాణములలో సంగీతము వినుటకు తేలికైన సాధనము కావలెననగా, ఇంజనీర్లు ప్రెస్‌మన్‌నుండి రికార్డు చేయు భాగమును తొలగించి, స్టీరియో వినికిడి నమర్చిరి. రికార్డు చేయని టేపు యంత్రము నెవరు కొందురని సంస్థలోనే సందేహించిరి. రెండవ స్థాపకుడు అకియో మొరిటా పట్టు విడువలేదు. 1979 జూలై 1వ తేదీన 33,000 యెన్ల వెలకు వాక్‌మన్ అంగడి కెక్కెను. తొలుత చేసిన 30,000 యంత్రములు రెండు మాసములలో చెల్లిపోయెను. పిమ్మట రికార్డు చేయగల నమూనాలును వచ్చినవి గాని, లోకము మరగినది వినుటకే.

మా పూండి ప్రాంతమున కథ వేఱుగా నడచినది. మా పొరుగు తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఎల్లలు మాఱినను ఇంటిమాట మాఱలేదు. బడిలో తమిళము, బజారులో తమిళము, వంటయింట తెలుగు. వాక్‌మన్ మాబోటి యిండ్లకు రాలేదు. గల్ఫు దేశములకు పోయినవారు తెచ్చిన టూ-ఇన్-వన్‌లు వచ్చినవి. రేడియో, టేపు, వానితోపాటు రికార్డు చేయు నొక ఎఱ్ఱబొత్తాము. ఆ బొత్తాము నొక్కి మా యమ్మచేత మంగళహారతులు, దంపుళ్ళపాటలు పాడించితిమి. పాట నడుమ ఆమె కోడలిని పిలిచి, పొయ్యిమీద పాలు పొంగునేమో చూడుమని చెప్పిన మాటయు నందు పడినది. ఆమె గతించి యిరువదేండ్లు దాటినది. హారతిపాటలు పుస్తకములలో దొరకవచ్చును. పాలు చూడుమన్న ఆ మాట, మా యూరి తెలుగు యాసతో, ఏ యంగడిలోను దొరకదు.

2001 అక్టోబరులో అమెరికాలోని ఆపిల్ సంస్థవారు వేయి పాటలు పట్టెడి ఐపాడ్‌ను 399 డాలర్ల వెలకు ప్రకటించిరి. 2003 ఏప్రిల్‌లో పాటల నమ్ము అంగడినిగూడ తెఱచిరి. సోనీవారో, పాటల సంస్థకును తామే యజమానులగుటచే నకళ్ళకు వెఱచిరని చెప్పుదురు. తమ సొంత అట్రాక్ పద్ధతిని పట్టుకొని, అందఱును వాడు ఎంపీ3 పద్ధతిని నేరుగా నంగీకరించుటకు 2004 చివరివఱకు జాగుచేసిరి. సింగపూరు క్రియేటివ్ సంస్థవారు ఐపాడ్‌కంటె ముందే, 2000లో, అట్టి యంత్రము నమ్మిరి. పాటల జాబితాలను చూపు పద్ధతిపై హక్కు తమదని వారు వ్యాజ్యము వేయగా, 2006 ఆగస్టులో ఆపిల్‌వారు పదికోట్ల డాలర్లిచ్చి రాజీపడిరి. హక్కు గెలిచినను అంగడి గెలువలేదు. 2006లో మైక్రోసాఫ్టువారు తెచ్చిన జ్యూన్ 2011 నాటికే మూతపడెను.

నా యూహ యిచ్చట మొదలగును. 2004లో వచ్చిన క్రియేటివ్‌వారి జెన్ మైక్రోలో రేడియోయు, మాటను గ్రహించు మైకును గలవు. ఆనాటి ఐపాడ్‌తో మాటను పట్టవలెనన్న వేఱొక పరికరము తగిలింపవలెను. జెన్ గెలిచియుండినచో, ఆ సంవత్సరములలో చదువుకొను ప్రతి బిడ్డ జేబులోను ఆలకించు యంత్ర మొకటి యుండెడిది. 1960కి పూర్వపు తెలుగును నోటనిలుపుకొన్న వృద్ధులు అప్పటికింకను మన యరుగులమీద కూర్చుండియే యున్నారు. పిల్లలు తప్పక వారి మాట పట్టియుండెడివారని నే ననను. కాని సాధనము చేతిలో నుండిన, ఏ పండుగనాడో ఒకరికైన బుద్ధి పుట్టియుండెడిది.

2022 మేలో ఐపాడ్ తయారీయు నిలిచినది. గెలిచినవారిని ఓడినవారిని అందఱిని చేతిఫోను మ్రింగివేసినది. అయితే 1979లో తీసివేసిన గుణము దానిలో మరల వచ్చినది. ఇప్పుడు ప్రతి ఫోనును వినిపించును, ఆలకించును.

1996లో తెలుగుగంగ కాలువ వెంట కృష్ణాజలము మా సరిహద్దు దాటి పూండి జలాశయమునకు వచ్చినది. ఆ నీటికి సంతసించితిమి, కాని ఇంటిబావిని పూడ్చుకొనలేదు. అంగడిపాట కాలువనీరు, ఇంటిపాట బావినీరు. బడిలో తెలుగక్షరములు నేర్వని పిల్లలు నేడు మన యిండ్లలో గలరు. వారికి చదువ రాకున్నను చెవులున్నవి గదా!

కావున పాఠకమహాశయులకు నాదొక విన్నపము. ఈ సంచిక ముగించిన పిదప ఇంటి పెద్దను కూర్చుండబెట్టి ఫోనులో రికార్డు చేయుడు. పాటయే కానక్కఱలేదు, పచ్చడి పట్టు విధమైనను చాలును. ముందుగా చెప్పువారి పేరు, ఊరు, తేది పలికింపుడు. తేదిలేని కాగితము దస్త్రములో చెల్లదని ముప్పది యేండ్ల గుమాస్తాగిరి నాకు నేర్పినది. నకలు రెండుచోట్ల దాచుడు.