మిల్లు కొన్నాను, చెరుకు లేదు

"గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి మార్చు బామ్మర్ది, మిగతాదంతా దుబారా." 2021 జులైలో మా చిన్నబావ ఫోన్‌లో అన్న ఈ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. బావ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆయనకు తెలియనిది నాకేం తెలుస్తుందనుకున్నాను.

నా మిషన్‌లో ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్కు, జీటీఎక్స్ 750 టీఐ కార్డు ఉండేవి. 2020 సెప్టెంబర్‌లో ఫోన్‌లో పబ్జీ ఆటను నిషేధించాక కంప్యూటర్‌లో ఆడటం మొదలుపెట్టాను. పారాచూట్‌తో ఆటలోని పోచింకీ ఊళ్లో దిగేసరికి అక్కడి ఇళ్లు తలుపులూ కిటికీలూ లేకుండా మట్టిముద్దల్లా కనిపించేవి. గోడ గోడలా తేలేలోపే ఎవడో కాల్చేసేవాడు.

డబ్బుకు మా నవీపేట్‌లోనే చిట్టీ ఎత్తాను. ఇరవై మంది, నెలకు 2,500, మొత్తం 50,000. ఆరో నెల పాటలో 9,000 వదులుకుంటే చేతికి 41,000 వచ్చింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి జీటీఎక్స్ 1650 కొన్నాను. ఆ రోజుల్లో క్రిప్టో మైనింగ్ కోసం కార్డులన్నీ ఎగరేసుకుపోతున్నారు, చిప్పుల కొరత కూడా తోడై ధరలు పెరిగాయి. అయినా ఆగలేదు. కార్డు 24,500. నేను కొన్న మోడల్‌కు విడిగా కరెంటు కనెక్టర్ కావాలి కాబట్టి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ 3,800. రానుపోను ఖర్చులు 600. వెరసి 28,900.

అసలు ఖర్చు అంతటితో ఆగలేదు. పాటలో వదులుకున్న 9,000లో నా వంతుగా 450 తిరిగొచ్చింది. నికర నష్టం 8,550. 41,000లో 28,900 ఈ కార్డుకే పోయింది కాబట్టి, ఆ నష్టంలోనూ అదే దామాషాన 6,027 దీని ఖాతాలోనే రాయాలి. అంటే నా కార్డు 34,927 రూపాయలకు పడింది.

బిగించి ఆడాను. అంతకుముందు సెకనుకు 38 ఫ్రేములు. ఇప్పుడు 40.

ఆ రాత్రి టాస్క్ మేనేజర్ తెరిచి కూర్చున్నాను. ప్రాసెసర్ గీత నూరు దగ్గర బల్లపరుపుగా సాగుతోంది. కార్డు గీత 48 దగ్గర తచ్చాడుతోంది. ప్రాసెసర్ ఒక్కో ఫ్రేమును సిద్ధం చేయడానికి 25 మిల్లీసెకన్లు తీసుకుంటే సెకనుకు వచ్చేవి 40 ఫ్రేములే. కార్డు ఎంత వేగంగా గీయగలిగినా గీయడానికి ముందు సరుకు అందాలి. మా నాన్న ఒకప్పుడు శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలినవాడు. 1937లో నిజాం సర్కారు పెట్టిన ఆ మిల్లు 2015 డిసెంబర్‌లో మూతపడింది. మూతపడటానికి చాలా ముందు నుంచే చెరుకు తగ్గిపోయిందని చెబుతుంటాడు. "మిల్లెంత పెద్దదైతే ఏంది బిడ్డా, బండ్లు రావాలె గదా." నేను చేసింది సరిగ్గా అదే. ఉన్న చెరుక్కి ఇంకా పెద్ద మిల్లు కొన్నాను.

పైసా ఖర్చు లేకుండా ముందే తెలుసుకోగలిగేవాణ్ణి. రిజల్యూషన్‌ను 1280×720కి, సెట్టింగులన్నీ అడుక్కి దించి ఆడి చూస్తే చాలు. కార్డు మీద భారం తగ్గినా ఫ్రేములు పెరగలేదంటే లోపం కార్డుది కాదు. ఐదు నిమిషాల పని. శనివారం సంతలో మా నాన్న మేక నోరు తెరిచి పళ్లు చూడందే బేరానికే దిగడు. నేను మాత్రం ఫోన్‌లో విన్న ఒక్క మాట మీద 34,927 పోశాను.

మరుసటి ఏడాది చేయాల్సింది చేశాను. అదే బోర్డులో కూర్చునే సెకండ్ హ్యాండ్ ఐ7-4790కి 6,500, ఇంకో 8 జీబీ ర్యామ్‌కు 2,600, 240 జీబీ ఎస్ఎస్‌డీకి 2,300. మొత్తం 11,400. ఫ్రేములు 55కి చేరాయి. పోచింకీలో దిగకముందే తలుపులు, కిటికీలు, మెట్లు అన్నీ కనిపించాయి. మొత్తం మిషనే మార్చే దారి కూడా ఉంది గానీ అప్పటికి నా చేతిలో అంత డబ్బు లేదు.

మనసు ఊరుకోక ఒకరోజు పాత 750 టీఐని మళ్లీ బిగించి చూశాను. తక్కువ సెట్టింగుల్లో 50 వచ్చాయి. అంటే 34,927 రూపాయలకు నేను కొనుక్కున్నది ఐదు ఫ్రేములు. ఒక్కో ఫ్రేము 6,985. బొమ్మ అందం పెరిగిన మాట నిజమే. కానీ శత్రువు స్పష్టంగా కనబడాలని తక్కువ సెట్టింగుల్లో ఆడే నాకు ఆ అందంతో పనిలేదు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియమ్ మైనింగ్ ఆగిపోయింది. తర్వాత అదే కార్డు ధర అడిగితే 13,000 అన్నారు. ఎత్తిన చిట్టీకి మిగిలిన పద్నాలుగు వాయిదాలు కట్టడానికి వెళ్లిన ప్రతిసారీ ఆ కార్డు పెట్టె కళ్లముందు మెదిలేది.

ఈ సంగతి బావతో ఎప్పుడూ అనలేదు. అక్క ముందర ఎత్తితే మాట ఎటు పోతుందోనని.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ముగిసింది. నాలుగో తరం ప్రాసెసర్‌ను విండోస్ 11 ఒప్పుకోదు. ఇక బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కలిపే మార్చాలి. కార్డు మాత్రం ఉంటుంది, దానికి ఇప్పటికే చాలా కట్టాను. కొత్త చిట్టీలో చేరి ఏడాది దాటింది. ఈసారి పాట పాడకుండా ఆఖరి నెలదాకా ఆగి 50,000 పూర్తిగా తీసుకుంటాను. ఇంకా ఏడు నెలలుంది.