ఐదో వాటా ఉన్న ఊరు

బ్యాంకు ఉద్యోగంలో చేరి ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఏ బ్రాంచికి బదిలీ అయినా మొదటి రోజు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "సార్, మీది ఏ ఊరు?" కోయంబత్తూరు అంటే "ఓహో, అరవవాళ్ళా!" అనేవారు. కాదు, తెలుగువాళ్ళమే అంటే, ఎప్పుడు వెళ్ళి స్థిరపడ్డారని రెండో ప్రశ్న. విజయనగర రాజుల కాలంలో అని జవాబిస్తే నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. అయినా అది నిజమే. మా పెద్దలు నల్లరేగడి నేల వెతుక్కుంటూ దక్షిణానికి దిగివచ్చి, బావులు తవ్వుకుని, పత్తి పండించుకుని ఉండిపోయినవాళ్ళు.

మా ఊరు పీళమేడు. కోయంబత్తూరు జంక్షన్ నుంచి అవినాశి రోడ్డు పట్టుకుని తూర్పుగా ఏడెనిమిది కిలోమీటర్లు వస్తే తగులుతుంది. విమానం దిగేవారికి ఇంకా దగ్గర, విమానాశ్రయం మా పక్కనే. ఒకప్పుడు ఇది పట్నానికి వెలుపలి పల్లె. ఇప్పుడు పట్నమే మమ్మల్ని దాటి ముందుకు పోయింది.

గృహ రుణాల సెక్షన్‌లో పనిచేసిన అలవాటు కొద్దీ ఏ ఊరికి వెళ్ళినా మనసులో ఒక వాల్యుయేషన్ రిపోర్టు తయారైపోతుంది. నీళ్ళెలా ఉన్నాయి, బడి ఎంత దూరం, ఆస్పత్రి ఎంత దూరం, బస్సు దొరుకుతుందా? ఈ లెక్కన మా ఊరికి మంచి మార్కులే వేయాలి. సిరువాణి నీళ్ళ రుచి గురించి కోయంబత్తూరు వాళ్ళు గొప్పలు చెప్పుకోవడం మీరు వినే ఉంటారు. ఆ గొప్పలో అబద్ధం లేదు. ఆషాఢ శ్రావణాల్లో పాలక్కాడు కనుమ గుండా వచ్చే పడమటి గాలికి, మా మేడ మీద ఆరేసిన పంచెలు పక్క వీధిలో వెతుక్కోవలసి వస్తుంది. బడి, కాలేజీ, ఆస్పత్రి, రైల్వే స్టేషను అన్నీ నడిచి పోగల దూరంలోనే. నేను బి.కాం. చదివిన మూడేళ్ళూ బస్సు టిక్కెట్టు కొనలేదు.

అవన్నీ అంత దగ్గరగా ఎలా వచ్చాయన్నది మాత్రం ఏ రిపోర్టులోనూ రాయరు. మా ఊళ్ళో పి.ఎస్.గోవిందస్వామి నాయుడు గారని ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనకు నలుగురు కొడుకులు. 1926లో ఆస్తి పంపకం వచ్చినప్పుడు ఆ అన్నదమ్ములు నాలుగు వాటాలు వేయలేదు, ఐదు వేశారు. ఐదో వాటా ధర్మానికి. అందులోంచి పుట్టినదే పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్. 1924లో మొదలైన సర్వజన హైస్కూలు, 1947లో ఆర్ట్స్ కాలేజీ, 1951లో ఇంజినీరింగు కాలేజీ, 1985లో మెడికల్ కాలేజీ... నేను కామర్స్ విద్యార్థిని. లాభాల కేటాయింపు అనే పాఠం పుస్తకంలో చదివాను గానీ, అది అర్థమైంది ఆ కాలేజీ మెట్ల మీద కూర్చున్నప్పుడే.

మిగతా కథ మీలో చాలామందికి తెలిసిందే. నల్లరేగడిలో పండిన పత్తి మిల్లులను రప్పించింది. 1910లో కుప్పుస్వామి నాయుడు గారు లక్ష్మీ మిల్స్ పెట్టారు. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక అవినాశి రోడ్డు పొడుగునా మిల్లుల గొట్టాలు లేచాయి. మిల్లుకు యంత్రం కావాలి, బావికి పంపు కావాలి, ఆ పంపుకు మోటారు కావాలి. 1937లో జి.డి.నాయుడు గారు, బాలసుందరం నాయుడు గారు కలిసి ఈ ఊళ్ళోనే దేశంలో మొదటి స్వదేశీ ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. మీ వంటింట్లో ఇడ్లీ పిండి రుబ్బే వెట్ గ్రైండరు కూడా కోయంబత్తూరు బిడ్డే. మరో ముచ్చట. ఎన్.టి.రామారావు గారి 'అగ్గిరాముడు' (1954) చూసినవారు, అది తీసింది కోయంబత్తూరులోని పక్షిరాజా స్టూడియో అని గమనించారా? తీసినది శ్రీరాములు నాయుడు గారు. మా నాయన ఈ సంగతి చెప్పకుండా ఏ చుట్టాన్నీ ఇంటి నుంచి పంపేవారు కాదు.

ఇంత తెలుగు ఉన్న ఊళ్ళో తెలుగు అక్షరం మాత్రం కనిపించదు. మా అవ్వ గడప లోపల "పళ్ళికూడం పొయ్యొస్తివా? సద్ది తింటివా?" అని తెలుగులోనే అడిగేది. గడప దాటితే తమిళం. బడిలో తమిళం, అంగడిలో తమిళం, గుడిలో తమిళం. ఎవరూ మమ్మల్ని తెలుగు మాట్లాడవద్దనలేదు, మేమూ తమిళాన్ని పరాయిదనుకోలేదు. నేను తెలుగు చదవడం నేర్చుకున్నది పాతికేళ్ళ వయసులో, బ్యాంకు వాళ్ళు నెల్లూరు బదిలీ చేసిన పుణ్యాన. చలానాల మీద రైతుల సంతకాలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అక్కడి సహోద్యోగులు నా మాట విని "మీది తెలుగేనా?" అని ఆటపట్టించేవారు. నిజానికి మా అవ్వ నోట ఉన్న పాత తెలుగు మాటలు కొన్ని వాళ్ళే మరిచిపోయారు.

మదురైలో మూడేళ్ళు పనిచేశాను. అక్కడి తెలుగు సంగతి వేరు. మా తెలుగు నాగలి పట్టుకుని వస్తే, ఆ తెలుగు కత్తి పట్టుకుని వచ్చింది. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలై రెండు వందల ఏళ్ళకు పైగా సాగిన రాజ్యం అది. తిరుమల నాయకుని మహలు, మీనాక్షి గుడి ఎదుట పుదు మండపంలో నిలువెత్తు నాయక రాజుల విగ్రహాలు నేటికీ చూడవచ్చు. ఇప్పుడు గాంధీ మ్యూజియం ఉన్న భవనం ఒకప్పటి రాణి మంగమ్మ మహలు. ఆమె మనవడు విజయరంగ చొక్కనాథుడు తెలుగులో వచన గ్రంథాలు రాసిన రాజు. మన సాహిత్య చరిత్రలో వచనానికి మదురై చేసిన సేవ చిన్నది కాదు.

అయితే నాకు బాగా గుర్తుండిపోయింది మహలు కాదు, మా బ్రాంచి కౌంటరు. ఒక పెద్దావిడ ఫిక్సెడ్ డిపాజిట్ వేయడానికి వచ్చింది. నా పేరు బోర్డు చూసి, మెల్లిగా తెలుగులోకి దిగింది: "అయ్యా, ఈ దుడ్డు సంగతి ఎవురికీ తెలియకూడదు. అందుకే మన మాటలో చెప్తా ఉండాను." ఆవిడ వెనకాల క్యూలో ఉన్నది ఒక రెడ్డియారు, ఇద్దరు సౌరాష్ట్రులు. సౌరాష్ట్రుల భాష వేరైనా, అందులో తెలుగు మాటలకు కొదవ లేదు. ముగ్గురూ ఆవిడ డిపాజిట్టు ఎంతో, నామినీ ఎవరో శ్రద్ధగా విని, గోడ మీద క్యాలెండరు చూస్తున్నట్టు నిలబడ్డారు. రహస్యభాష అనుకున్నది అక్కడ సగం ఊరి భాష!

ఇంకో మాట కూడా చెప్పాలి. మన సంఘాల సభల్లో తెలుగువారి కీర్తి అంటే మిల్లు యజమానులను, నాయక రాజులను తలుచుకుంటాం. కోయంబత్తూరు వీధులు తెల్లవారకముందే ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో ఎక్కువమంది అరుంధతీయులు. వారిలో చాలా కుటుంబాల ఇంటి భాష తెలుగే. మా వీధి ఊడ్చే ఆవిడ తెలుగు మా అవ్వ తెలుగుకు ఎంతో దగ్గర. తమిళనాడు ప్రభుత్వ సెలవుల పట్టికలో తెలుగు సంవత్సరాది ఉంది. ఆ రోజు మా బ్యాంకుకు సెలవు, నేను ఉగాది పచ్చడి తిని పంచాంగ శ్రవణానికి పోతాను. ఆవిడ చీపురు మాత్రం ఆ ఉదయమూ మా గుమ్మం ముందు వినిపిస్తుంది. ఏ ఉగాది సభలోనైనా ఆవిడను ముందు వరుసలో కూర్చోబెట్టడం నేనైతే చూడలేదు.

ఇక అసలు సంగతి. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద జి.డి.నాయుడు గారి పేరిట పది కిలోమీటర్ల పైవంతెన తెరిచారు. ఆ నెల నుంచి మా ఇంటికి దళారీల రాక ఎక్కువైంది. పాత మిల్లుల స్థలాల్లో మాల్స్, అపార్ట్‌మెంట్లు లేచిపోయాయి. ఇప్పుడు మాలాంటి పెంకుటిళ్ళ వంతు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఫోను మీద ఫోను. "నాయనా, మంచి ధర వస్తా ఉంది, అమ్మేసి ఇక్కడికే వచ్చేయండి. ఈడ అంతా తెలుగే కదా!" అంటాడు.

వాడి లెక్కలో తప్పు లేదు. కాగితం మీద నేనే వేసి చూశాను. వచ్చే సొమ్ము మీద వడ్డీ నా పెన్షను కంటే ఎక్కువ. మా ఆవిడ కీళ్ళకు మెట్లు లేని ఇల్లు కావాలి, అదీ నిజమే. రాత్రి పదింటికి పైవంతెన హోరు వింటుంటే ఇది నేను పెరిగిన పీళమేడేనా అని నాకూ అనిపిస్తుంది.

కానీ రెండేళ్ళుగా ఆదివారం ఉదయం మా ఇంటి తిన్నె మీద పిల్లలకు తెలుగు అక్షరాలు చెబుతున్నాను. మొదట మా తమ్ముడి మనవరాలు ఒక్కతే. ఇప్పుడు ఎనిమిది మంది. అందులో ఇద్దరు మా వీధి ఊడ్చే ఆవిడ మనవళ్ళు. వాళ్ళు తెలుగు మాట్లాడతారు, తమిళం రాస్తారు, వాళ్ళ ఇంట్లో తెలుగు రాసినవారు ఇంతవరకు లేరు. పెద్దవాడు తన పేరు, అమ్మ పేరు, అవ్వ పేరు పలక మీద రాసి, తుడవనివ్వకుండా పలక ఇంటికి పట్టుకుపోయాడు. నేను కొత్త పలక కొనవలసి వచ్చింది.

అబ్బాయికి ఇంకా ఏ జవాబూ ఇవ్వలేదు. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది, అప్పుడు చూద్దామని దళారీలను పంపేస్తున్నాను. వాడు సంక్రాంతికి వస్తున్నాడు, కూర్చుని మాట్లాడుకోవాలి. ఈలోగా పిల్లలకు గుణింతాలు అయిపోవచ్చాయి, వచ్చే ఆదివారం ఒత్తులు మొదలుపెట్టాలి.