డిష్ ఎక్కడ పెట్టాలి? చెట్టు కొట్టాలా?

మొన్న సంఘం సమావేశం అయ్యాక టీ తాగుతూ ఇద్దరు ముగ్గురు అడిగారు: "ఉపగ్రహ ఇంటర్నెట్ మనకీ వస్తుందంటున్నారు. 2025 జూన్‌లో స్టార్‌లింక్‌కి లైసెన్సు కూడా ఇచ్చారట. వస్తే డిష్ డాబా మీద ఎక్కడ పెట్టించుకోవాలి?" దీని గురించి మాకు తెలిసింది రెండు అనుభవాల వల్ల తెలిసింది. ఒకటి ఇక్కడ బరంపురంలో, రెండోది అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో. రెండు చోట్లా అడ్డం వచ్చింది చెట్టే.

ముందు మా ఇంటి సంగతి. పదిహేడు పద్దెనిమిదేళ్ల కిందట, అమ్మ కోసం టీవీ డిష్ పెట్టించాం. వీధి కేబుల్లో తెలుగు ఛానళ్లు ఒకరోజు వచ్చేవి, రెండ్రోజులు పోయేవి. నాన్న పోయాక అమ్మకి పొద్దు గడవడం కష్టంగా ఉండేది. బిగించడానికి వచ్చిన కుర్రాడు డాబా ఎక్కి దక్షిణం వైపు చూసి, "ఈ కొబ్బరిచెట్టు కొట్టించేయండి, సిగ్నల్ అందదు" అన్నాడు. అది నాన్న వేసిన చెట్టు.

అమ్మ మెట్ల మీద నుంచే వింది. "టీవీ లేకపోతే ఏటవుద్ది? చెట్టు మీద చెయ్యెయ్యకండి" అని లోపలికి వెళ్లిపోయింది.

రెండోసారి పెద్దాయన ఒకరు వచ్చారు. ఆయన చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. టీవీ ఉపగ్రహం భూమధ్యరేఖ మీద సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, మనకి కదలకుండా ఒక్కచోటే ఉన్నట్టు ఉంటుంది. అందుకే మన ఊళ్లో డిష్‌లన్నీ దక్షిణానికి తిరిగి ఉంటాయి. డిష్ వాలు చూసి మనం అనుకునేదానికంటే దాని చూపు ఇంకా పైకి ఉంటుంది. ఆ ఒక్క చోటు కనిపిస్తే చాలు, మిగతా ఆకాశంతో పనిలేదు. ఎత్తు పెంచినంత మాత్రాన సిగ్నల్ పెరగదు. అంత దూరానికి మన డాబా ఎత్తు ఏపాటి? ఆయన డిష్‌ని పదిహేను అడుగులు వెనక్కి, ఉత్తరపు పిట్టగోడ మీదికి జరిపారు. బొమ్మ వచ్చింది, చెట్టు మిగిలింది.

కానీ ఆ పిట్టగోడ ఇటుకలది, పాతది. మేకులు లోతుగా దిగలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ గాలి హోరు మనలో ఎవరూ మరిచిపోలేదు. తెల్లారి చూస్తే డిష్ మూడిళ్ల అవతల వంకరపోయి పడి ఉంది. ఎవరి తల మీదా పడలేదు, అదే అదృష్టం. కొబ్బరిచెట్టు మట్టలన్నీ ఊడి కర్రలా మిగిలింది గానీ పడలేదు. మరుసటి ఏడాదికి మళ్లీ చిగురించింది. కొత్త డిష్‌ని మెట్లగది పక్కన, గాలి నేరుగా తగలని చోట, స్లాబులో బోల్టులు దించి బిగించాం.

ఇక అమ్మాయి సంగతి. వాళ్లు వెర్మాంట్‌లో ఊరికి దూరంగా ఇల్లు తీసుకున్నారు. అక్కడికి కేబుల్ లేదు. జనవరిలో ఉపగ్రహ ఇంటర్నెట్ పెట్టించుకున్నారు. డిష్‌ని వెనక వరండా రెయిలింగుకి బిగించి, బ్రహ్మాండంగా ఉందన్నారు. మే నెల వచ్చేసరికి ఫోన్ తెగడం మొదలైంది. అమ్మకి అప్పటికే వినికిడి తగ్గింది. సగంలో మాట ఆగితే మునిమనవరాలు తనతో మాట్లాడ్డం ఇష్టంలేక పెట్టేసిందనుకునేది. ఆదివారాల్లో ఆ ముఖం చూడలేకపోయేవాళ్లం.

కారణం మేపుల్ చెట్టు. చలికాలంలో మోడుగా ఉన్నది కాస్తా ఆకులు వేసింది. ఈ ఉపగ్రహాలు టీవీవాటిలా ఒక్కచోట ఉండవు. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున, గంటన్నర పైచిలుకులో భూమిని చుట్టేస్తుంటాయి. డిష్ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ ఉండాలి. అందుకని ఒక్క కిటికీ చాలదు, ఆకాశం విశాలంగా కనపడాలి. ఒక్క కొమ్మ అడ్డొచ్చినా ఉపగ్రహం దాని వెనక్కి వెళ్లినప్పుడల్లా కొన్ని సెకన్లు తెగుతుంది. వాళ్ల ఊళ్లో డిష్ ఉత్తరానికి వాలి ఉంటుంది, మేపుల్ ఉన్నది ఆ వైపే.

అల్లుడు చెట్టు కొట్టించడానికి మనిషిని పిలుస్తానన్నాడు. పక్కనే ఉన్న అమ్మకి మేము గట్టిగా చెప్పాం. "మన కొబ్బరిచెట్టు సంగతి చెప్పండర్రా" అంది, అంతే. అతను ఫోన్ యాప్ తెరిచి, ఆకాశం వైపు పట్టుకుని పెరడంతా తిరిగాడు. ఎక్కడ అడ్డం ఉందో అది చూపిస్తుంది. ఇంటికి డెబ్బై అడుగుల దూరంలో పచ్చికలో ఖాళీ చోటు దొరికింది. స్తంభం పాతి, వైరుని గొట్టంలో పెట్టి నేలలోంచి తెచ్చారు.

కాబట్టి మా మాట ఇది. సర్వీసు మొదలయ్యాక కొనేముందు ఒకసారి డాబా ఎక్కి చుట్టూ చూడండి. నీళ్ల ట్యాంకు, మెట్లగది, ఎదురు మేడ, పెరిగే చెట్టు, అన్నీ లెక్కలో వేసుకోండి. మన ఊరికి గాలి సంగతి మొదటి లెక్క, పిట్టగోడని నమ్మకండి. చెట్టు మీదికి గొడ్డలి ఎత్తేముందు డిష్‌ని ఇంకో నాలుగు చోట్ల పెట్టి చూడండి.

ఆ తరువాతి ఆదివారం పాప నలభై నిమిషాలు మాట్లాడింది. ఒక్కసారీ తెగలేదు. చివర్లో అమ్మ "ఆ సెట్టు ఉందా?" అని అడిగింది. పాప ఫోన్‌ని కిటికీ వైపు తిప్పి, "ఉంది తాతమ్మా, చూడు" అంది.