ఖాకీ కాగితం మీద సుద్దముక్క

మా పెదనాన్న సినిమాల్లో చేసేవాడు అనగానే "ఏ వేషాలు?" అని అడుగుతారు. వేషాలు కాదు మహాప్రభో, ఆర్ట్ డిపార్టుమెంటులో అసిస్టెంటు. పరిశ్రమతో పాటే మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకొచ్చి ఫిలింనగర్లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు.

వేసవి సెలవుల్లో ఆయనకి నేనే మోడల్ని. పుస్తకాలకి అట్టలేసే ఖాకీ కాగితం పరిచి "కదలకురా" అనేవాడు. బొగ్గుతో నీడలు, సుద్దముక్కతో వెలుగులు, అంతే. "ఒంటిరంగు కాగితమే ఇస్తోందిగా, మళ్ళీ మనం పులమడం దేనికి?" అనేవాడు. డ్రాయింగు షీట్లు కొనలేక చెప్పే కబుర్లనుకున్నా చాలాకాలం.

మొన్న ఆఫీసులో బిల్డు అయ్యేదాకా నెట్లో తిరుగుతుంటే ఆంత్వాన్ వాతో బొమ్మలు కనబడ్డాయి. ఫ్రెంచి చిత్రకారుడు, 1684లో పుట్టి 1721లో పోయాడు. లేతగోధుమ రంగు కాగితం, ఎర్రసుద్ద, నల్లసుద్ద, తెల్లసుద్ద. అచ్చం మా పెదనాన్న పద్ధతే, ఒక రంగు ఎక్కువ!

ఈయన ఫలానా పెయింటింగు కోసమని కాకుండా మనుషుల్ని ఊరికే గీసి, బైండు పుస్తకాల్లో దాచుకునేవాడట. పెయింటింగు మొదలెట్టాక అందులోంచి కావలసిన మనిషిని తీసి పెట్టుకోవడమే. మన భాషలో లైబ్రరీ అన్నమాట (కాపీ పేస్టు అని మాత్రం నేననను). ఆయన పోయాక అవి నలుగురు స్నేహితులకి చేరాయి. వాళ్ళలో జ్యూలియెన్ అనే బట్టల వ్యాపారి, దాదాపు 350 బొమ్మల్ని రాగిరేకుల మీద చెక్కించి 1726-28లో రెండు సంపుటాలుగా అచ్చేయించాడు. అందులో వందకి పైగా చెక్కింది అప్పటికింకా కుర్రాడైన బుషే. ఒక పెయింటరు చిత్తుబొమ్మల కోసం ఇంత ఖర్చు!

పెదనాన్న పోయినప్పుడు నేను డల్లాస్‌లో ఆన్‌సైటు. తర్వాత ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చారు. అటక ఖాళీ చేస్తూ అన్నయ్య ఫోన్ చేశాడు. "కాగితాలు రెండు మూటలున్నాయిరా, ఏం చెయ్యమంటావ్?" ఆ వారం మాకు రిలీజు. "నువ్వే చూడన్నయ్యా" అన్నాను. చూశాడు. కిలోల లెక్కన.

వాతో బొమ్మలు చూసిన రాత్రే అమ్మకి ఫోన్ చేసి, ఇంట్లో ఏమన్నా మిగిలాయేమో వెతకమన్నాను. ఒక్కటి దొరికింది. నా ఎనిమిదో క్లాసు లెక్కల పుస్తకానికి పెదనాన్న తన పాత కాగితంతోనే అట్ట వేశాట్ట, బొమ్మ లోపలివైపుకి వచ్చేలా. స్టూలు మీద కూర్చున్న పిల్లాడు. భుజం మీద సుద్ద కాస్త చెదిరింది గానీ పోలేదు. కుడిచెయ్యి మాత్రం రెండుసార్లు గీసి ఉంది. నేను కదిలినట్టున్నాను.