వెనక్కి వెళ్తున్న కారు

కారులో పాత స్టీరియో తీసి కొత్తది పెట్టడం పెద్ద పనేం కాదు. డ్యాష్‌బోర్డులో దాని గూడుకి ఒక స్టాండర్డ్ కొలత ఉంది: వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50, పెద్ద స్క్రీన్ అయితే 100. బయట కొనే స్టీరియోల వైర్ల రంగులు కూడా ఎక్కువగా ఒకేలా ఉంటాయి. పసుపు వైరు నేరుగా బ్యాటరీ కరెంటు, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటు, నలుపు ఎర్త్. కారుకి సరిపోయే కప్లర్ దొరికితే అరగంటలో పాట వచ్చేస్తుంది. కారుతో పాటే వచ్చిన నావిగేషన్‌ని కూడా బతికించుకోవాలంటేనే అసలు కథ మొదలవుతుంది.

మా బాబాయిది రాజమండ్రి. మందుల హోల్‌సేల్ వ్యాపారం. గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లి, ఘాట్ దిగి చింతూరు దాకా మెడికల్ షాపులకి మందులు వేసి వస్తాడు. పన్నెండేళ్లుగా అదే సెకండ్ హ్యాండ్ కారు. దాని స్టీరియోకి బ్లూటూత్ లేదు, సీడీలు కూడా ఆడటం మానేశాయి. షాపులో అడిగితే, పాతదంతా పీకేసి ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టేద్దాం అన్నారు.

నేనూ అదే అన్నాను. "ఫోన్లో మ్యాప్స్ ముందే దించుకోవచ్చు కదా బాబాయ్. జీపీఎస్‌కి సెల్ సిగ్నల్‌తో పని లేదు."

"అది నాకూ తెలుసురా. మరి ఇవన్నీ ఏం చేస్తావు?" అని గేరు పక్కనున్న గుండీ తిప్పి ఒక లిస్టు చూపించాడు.

అందులో బాబాయి పెట్టుకున్న గుర్తులు 140 పైనే ఉన్నాయి. పాలచెట్టు మలుపు. బండి కడిగే వాగు. వానొస్తే ఆగు. రాత్రి వద్దు. ఆ పెట్టెకి తెలుగు అక్షరాలు రావు కాబట్టి అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టుకున్నాడు. కంపెనీ మ్యాపులో లేని రోడ్లు ఎక్కినప్పుడు స్క్రీన్ మీద బాణం ఖాళీలో తిరుగుతూ ఉంటుంది. అప్పుడు దారి చెప్పేవి ఈ గుర్తులే. వీటిని బయటికి తీసి కాపీ చేసుకునే దారి ఆ పెట్టెకి లేదు. స్టీరియోతో పాటు పెట్టెనీ తీసేస్తే పన్నెండేళ్ల ఘాట్ రోడ్డు మొత్తం పోయినట్టే.

బాబాయికి తెలిసిన మెకానిక్ అన్న ఒకాయన ఉన్నాడు. సర్క్యూట్ డయాగ్రమ్ లేకుండా మల్టీమీటర్ పెట్టి వైరు వెంట వైరు చూసుకుంటూ పోతాడు. కరెంటు ఆగితే గుర్తులు ఎక్కడ చెరిగిపోతాయో అని ముందు నావిగేషన్ పెట్టెకి బయట నుంచి వేరే బ్యాటరీ తగిలించాడు. పెట్టె సీటు కింద విడిగా ఉంది, గుండీ వైరు నేరుగా దానికే వెళ్తోంది. అది మా అదృష్టం.

మొదటి చిక్కు బొమ్మ. పాత పెట్టె ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని వేర్వేరు వైర్లలో పంపిస్తుంది. కొత్త స్టీరియోకి ఉన్న కెమెరా ఇన్‌పుట్ అన్నీ ఒకే వైరులో రావాలంటుంది. మధ్యలో ఒక కన్వర్టర్ బోర్డు పెట్టాం. బొమ్మ వచ్చింది కానీ అక్షరాల అంచులు కాస్త అలుక్కుపోయాయి. రెండోది గొంతు. "కుడివైపు తిరగండి" అని చెప్పే మాట పాత స్టీరియో స్పీకర్ల నుంచి వచ్చేది. దానికోసం డ్యాష్‌బోర్డు కింద విడిగా చిన్న స్పీకర్ పెట్టాం. మూడోది స్పీడు వైరు. స్థానం సరిగ్గా లెక్కకట్టాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు కనిపించాలి. ఘాట్‌లో ఒకవైపు కొండ, పైన చెట్లు. సిగ్నల్ తప్పినప్పుడు చక్రం ఎంత తిరిగింది, కారు ఎటు మళ్లింది అని చూసుకుని పెట్టె తనే అంచనా వేసుకుంటుంది. ఆ స్పీడు వైరు స్టీరియో వెనక నుంచే వెళ్తోంది. అన్న దాన్ని తెగకుండా కాపాడాడు.

నాకు భలే నచ్చింది ఆఖరి పని. కెమెరా ఇన్‌పుట్ రివర్స్ గేరు వేసినప్పుడే తెర మీదికి వస్తుంది. రివర్స్ పడిందని స్టీరియోకి చెప్పేది 12 వోల్టులు వచ్చే ఒక్క వైరు. అన్న దానికి చిన్న స్విచ్ పెట్టేశాడు. స్విచ్ వేస్తే మ్యాపు, తీస్తే పాటలు. అంటే స్టీరియో లెక్కలో బాబాయి కారు మారేడుమిల్లి నుంచి చింతూరు దాకా ఘాట్ మొత్తం వెనక్కే వెళ్తోందన్నమాట! అప్పుడు పాట సౌండ్ కూడా తగ్గిపోతుంది. "ఘాట్‌లో అదే మంచిది" అన్నాడు బాబాయి.

ఆ పెట్టె కూడా ఎన్నాళ్లో ఉండదు. అందుకే సెలవుల్లో బాబాయి పక్కన కూర్చుని గుర్తులన్నీ ఒక సీఎస్‌వీ ఫైల్లోకి ఎక్కిస్తున్నాను. అక్షాంశం, రేఖాంశం, పేరు, వివరం. పేరు మాత్రం తెలుగులోనే కొడుతున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే అది కల్లా, కళ్ళా, కాళ్ళా అన్నది బాబాయికి తప్ప ఎవరికీ తెలియదు. అది కల్లు పాకట. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు తెలుగు టైపింగ్ నెమ్మదే. ఒక్కో పేరు దగ్గర బాబాయి ఒక్కో కథ చెప్తాడు కాబట్టి ఆ స్పీడు సరిపోతోంది. అంకెలు కాపీ చేయడానికి నిమిషం చాలు. పేరు వెనక ఉన్నది మాత్రం మనిషి పక్కన కూర్చుని వినాల్సిందే, దానికి ఏ కన్వర్టరూ లేదు.

"రాత్రి వద్దు" దగ్గర ఏమైందని అడిగాను. కాసేపు రోడ్డు వైపే చూసి, "తర్వాత చెప్తాలే, రాసుకో" అన్నాడు. ఇప్పటికి 43 పేర్లు అయ్యాయి. ఆ వరసలో వివరం గడి ఒక్కటే ఖాళీగా ఉంది.