ఉమ్మడి బావికి రెండు చేదలు

మీ చుట్టాల్లో ఎవరికైనా "కంప్యూటర్ల గురించి తెలిసినవాడు" అని పేరు పడిందా? పడితే ఆయన మీద నాకు జాలి. మావాళ్ళలో ఆ పేరు నాకు పడింది. ప్రింటర్ కదలకపోయినా నాకే ఫోను, టీవీకి వైఫై అందకపోయినా నాకే ఫోను. మొన్నొక ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఒకసారి వచ్చిపోరా. తండ్రీ కొడుకులు నిన్నట్నుంచి మాట్లాడుకోవట్లేదు."

గుండె గుభేలుమంది. ఆటో కట్టించుకుని పరుగెత్తాను. తీరా వెళ్తే తగాదా దేని మీదనుకున్నారు? ఇంట్లో కొత్త డెస్క్‌టాప్ కొనాలి, అందులో ఇంటెల్ ప్రాసెసర్ వేయించాలా, ఏఎండీ వేయించాలా అని!

మా బావగారు రిటైరైన తెలుగు మాస్టారు. సాయంత్రాలు స్నేహితుల పుస్తకాలు, ఊరి గుడి ఉత్సవాల కరపత్రాలు కంపోజ్ చేసిపెడుతుంటారు. ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే. "ఇంటెల్ అంటే ఇంటెలేనోయ్. మా స్కూలుకి వచ్చిన మొట్టమొదటి కంప్యూటర్ మీద ఆ స్టిక్కరే ఉండేది. నేను రిటైరయ్యేదాకా పనిచేసింది," అన్నారు పేపర్ మడుస్తూ. మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. వాడికి ఆటలు కావాలి, త్రీడీ బొమ్మల బ్లెండర్ కావాలి. "మామయ్యా, నువ్వైనా చెప్పు. ఈ రోజుల్లో ఏఎండీ రైజెన్ కాకుండా ఇంకోటి ఎవరైనా కొంటారా?" అన్నాడు. మానిటర్ పాతదే ఉంది, మిగతా డబ్బాకి బడ్జెట్ యాభై వేలు. డబ్బా ఒకటి, పట్టుదలలు రెండు.

ఇలాంటి పంచాయితీలో తీర్పు చెప్పినవాడు బతికి బట్టకట్టడు. అందుకని కాఫీ గ్లాసు పుచ్చుకుని కథలోకి దిగాను.

మా బావగారిది గోదావరి జిల్లాలో ఓ పల్లె. అక్కడ దాయాదుల మధ్య ఒక ఉమ్మడి బావి వ్యాజ్యం ఏళ్ళ తరబడి నడిచిందని ఆయనే చెబుతుంటారు. "ఇదీ అచ్చం అదే బావగారూ," అన్నాను. "1968లో రాబర్ట్ నాయిస్, గార్డన్ మూర్ అనే ఇద్దరు ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అనే కంపెనీలోంచి బయటికొచ్చి ఇంటెల్ పెట్టారు. మరుసటేడు అదే గుమ్మంలోంచి జెర్రీ శాండర్స్ అనే ఆయన వచ్చి, మరో ఏడుగురితో కలిసి ఏఎండీ పెట్టాడు. అంటే ఒకే ఇంట్లోంచి వేరుపడ్డవాళ్ళే."

ఆయన పేపర్ పక్కన పెట్టారు. వ్యాజ్యమంటే ఆసక్తి మరి.

ఇక్కడ బావి అంటే చిప్ డిజైను. అది తవ్వింది ఇంటెలే. 1981లో ఐబీఎం తన పీసీలో ఇంటెల్ వారి 8088 చిప్ వేసింది. కానీ ఒక్కడి మీదే ఆధారపడితే రేపు వాడు మొరాయిస్తే ఎలా? ఇంకొకరు కూడా ఇదే చిప్ చేసివ్వాలని ఐబీఎం పట్టుబట్టింది. అలా 1982లో ఏఎండీకి కూడా చేద వేసుకునే హక్కు రాసిచ్చారు. 386 చిప్ దగ్గరికొచ్చేసరికి ఇంటెల్ "ఇది నా సొంతం, గట్టు దిగు" అంది. ఏఎండీ దిగలేదు. 1991లో తన 386 తానే తయారుచేసి అమ్మింది. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 1995లో రాజీకొచ్చారు. మధ్యలో ఒక చమత్కారం జరిగింది. 386, 486 లాంటి ఉత్త అంకెల మీద ట్రేడ్‌మార్క్ కుదరదని తేలడంతో, 586 అవ్వాల్సిన బిడ్డకి 1993లో పెంటియం అని నామకరణం చేశారు.

"అయితే మంచిది ఎవరిది మామయ్యా?" మేనల్లుడికి ఓపిక లేదు.

ఏ ఏడాది సంగతి అడుగుతున్నావురా, అన్నాను. 1994లో పెంటియం కొన్ని భాగహారాలు తప్పు చేస్తోందని ఒక లెక్కల ప్రొఫెసర్ పట్టుకున్నాడు. ఆ చిప్‌లు మార్చి ఇవ్వడానికి ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సొచ్చింది. 2000 మార్చిలో ఒక గిగాహెర్ట్జ్ వేగాన్ని ముందు అందుకున్నది ఏఎండీ, ఇంటెల్ కంటే రెండే రెండు రోజుల ముందు. 2006లో కోర్ 2 డ్యుయోతో ఇంటెల్ మళ్ళీ పైకొచ్చింది. 2011లో ఏఎండీ బుల్‌డోజర్ అని పేరు పెట్టి మరీ తెచ్చినది బురదలో కూరుకుపోయింది. 2017లో రైజెన్‌తో లేచింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్‌లు కొన్ని వోల్టేజి ఎక్కువై క్రాష్ అవుతున్నాయని గోలయ్యింది. కంపెనీ బయోస్ అప్‌డేట్లిచ్చి, వారంటీ రెండేళ్ళు పొడిగించింది. ఇందులో ఏ ముక్క ముందు విన్నవాడు ఆ పక్షం అవుతాడు, అంతే. బావగారు విన్నది ఒక ముక్క, వీడు విన్నది ఇంకో ముక్క.

ఇంకో మాట. ఈ రెండు కంపెనీలకూ మన హైదరాబాదులో ఇంజనీర్లున్నారు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఎదురెదురు ఫ్లాట్లలో ఉంటూ, ఆవకాయ ఇచ్చిపుచ్చుకుంటున్నా ఆశ్చర్యం లేదు. వాళ్ళకి లేని పగ మనకెందుకండీ?

మధ్యాహ్నం ముగ్గురం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి బయల్దేరాం. దారిలో ఆటోలోనే పేపర్ అంచు మీద రాయించాను. ప్రాసెసర్ పేరు కాదు, చెయ్యాల్సిన పని. బావగారిది ఒక వరుస: పేజ్‌మేకర్, మెయిల్, యూట్యూబ్‌లో అవధానాలు. వాడిది ఒక వరుస: కోడింగ్, బ్లెండర్, ఆటలు. మొదటి వరుసకి ఏ కంపెనీ చిన్న చిప్పైనా చాలు. రెండో వరుసలో అసలు బరువు మోసేది గ్రాఫిక్స్ కార్డు. అది ఈ బడ్జెట్‌లో పట్టదు, తర్వాత కొనుక్కోవాలి. చూశారా, కాగితం మీద పెడితే తగాదా సగానికి తగ్గింది.

మొదటి షాపులో కుర్రాడు చకచకా కొటేషన్ కొట్టిచ్చాడు. ఐ5, 12400ఎఫ్. ధర బాగుంది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం లేదు. మీకు చెబుతున్నాను, ఈ చివరి అక్షరం దగ్గర కళ్ళద్దాలు సర్దుకోండి. ఇంటెల్‌లో "ఎఫ్" అని ఉంటే లోపల గ్రాఫిక్స్ లేవని అర్థం. విడిగా కార్డు లేకుండా అది కొంటే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, తెర మాత్రం అమావాస్యే. ఏఎండీలో ఇంకో మెలిక. రైజెన్ 5000 వరసలో చివర "జీ" ఉంటేనే బొమ్మ వస్తుంది. 7000 వరసలో చాలావాటికి అక్షరం లేకపోయినా పనికి సరిపడా గ్రాఫిక్స్ ఉంటాయి, మళ్ళీ ఎఫ్ ఉంటే లేనట్టే. వంద రూపాయల చీరకి కూడా మడత విప్పి చూస్తాం కదా, వేలు పోసే చిప్‌కి ఒక్క అక్షరం చూడలేమా?

"రైజెన్ 7600 తీసుకుందాం మామయ్యా, సాకెట్ చాన్నాళ్ళు పనికొస్తుంది," అని వాడు వదల్లేదు. వాడి మాటలో న్యాయం ఉంది. ఏఎండీ పాత ఏఎమ్4 సాకెట్ బోర్డులు కొన్ని 2017లో కొన్నవి బయోస్ అప్‌డేట్‌తో 2022 నాటి చిప్‌ని కూడా మోశాయి. ఇంటెల్ సాధారణంగా రెండు మూడు తరాలకోసారి బోర్డు మార్పిస్తుంది. కాకపోతే 7600 కూర్చునే ఏఎమ్5 బోర్డులో డీడీఆర్5 ర్యామే పట్టాలి. బోర్డు, ర్యామ్, చిప్ మూడూ కలిపి లెక్కేస్తే ఆ రోజు మా యాభై వేలు దాటిపోయింది. ప్రాసెసర్ ధర ఒక్కటే పోల్చుకునేవాళ్ళు సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు. బియ్యం చౌకని కొన్నాక గ్యాసు బండ గుర్తొచ్చినట్టు.

చివరికి ఇంటెల్ ఐ3, 12100 తీసుకున్నాం. నాలుగు కోర్లు, చివర ఎఫ్ లేదు. ట్రే పీస్ అయితే కొంత తగ్గుతుందన్నాడు షాపాయన. వద్దన్నాను. సీలు వేసిన డబ్బాతో వస్తేనే కంపెనీ మూడేళ్ళ వారంటీ గట్టిగా ఉంటుంది. మిగిలిన డబ్బుతో పదహారు జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, అన్నిటికంటే ముఖ్యం, మంచి ఎస్‌ఎంపీఎస్, అంటే డబ్బాకి కరెంటు అందించే పెట్టె. ప్రాసెసర్ కోసం రెండు రోజులు మాటలు మానేసిన ఇళ్ళలో ఎస్‌ఎంపీఎస్ గురించి రెండు నిమిషాలు ఎవరూ ఆలోచించరు. కరెంటు ఎగుడుదిగుడైతే ముందు దెబ్బ కాసేది అదే.

షాపాయన ప్రాసెసర్ పెడుతుంటే నేను ఊపిరి బిగబట్టాను. దానికో కారణముంది. కొన్నేళ్ళ కిందట నా పాత మెషీన్లో దుమ్ము తుడుద్దామని కూలర్ని నిటారుగా లాగాను. పిన్నులు చిప్‌కే ఉండే రకమది. థర్మల్ పేస్ట్ ఎండి బెల్లప్పాకంలా పట్టేసి ఉంది. కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి చేతికొచ్చింది, అంచున ఏడెనిమిది పిన్నులు గాలివానకి వరిచేను పడుకున్నట్టు పడుకున్నాయి. తప్పు పూర్తిగా నాదే. కాసేపు మెషీన్ నడిపి వేడెక్కనిచ్చి, కూలర్‌ని అటూ ఇటూ మెలితిప్పి తీయాలి. బ్లేడుతో ఒక్కో పిన్నూ నిలబెట్టేసరికి రాత్రి పన్నెండైంది. ఇప్పుడు ఆ బాధ తగ్గింది. ఇంటెల్ 2004లోనే డెస్క్‌టాప్ చిప్‌ల పిన్నుల్ని బోర్డు మీదికి మార్చింది, ఏఎండీ 2022లో ఏఎమ్5తో మార్చింది. పిన్నులు వంగడం మాత్రం మానలేదు లెండి, వంగే చోటు మారింది.

ఇంటికొచ్చి విండోస్ ఎక్కించాం. బావగారు విజయగర్వంతో స్టిక్కర్ ఎక్కడ అంటించాలా అని చూస్తున్నారు. మేనల్లుడు మొహం ముడుచుకుని కీబోర్డ్ ముందు కూర్చున్నాడు. ఉన్నట్టుండి నల్ల తెర తెరిచి ఏదో కొట్టాడు. "నాన్నా, ఇదేంటో చదవండి," అన్నాడు.

ఆయన వంగి చదివారు. ప్రాసెసర్ పేరున్న వరుసలో ఇంటెల్ అనే ఉంది. దాని పైన, ఆర్కిటెక్చర్ అన్నచోట మాత్రం: ఏఎండీ64.

"ఏమోయ్, మనకి వేరేది అంటగట్టారా?" అన్నారు నావైపు తిరిగి.

లేదు బావగారూ, బావి కథలో చివరి ముక్క మిగిలిపోయింది, అన్నాను. 32 బిట్ల బావిలో నీళ్ళు చాలక, నాలుగు జీబీ దాటి మెమరీ పెట్టాలంటే అవస్థయ్యింది. ఇంటెల్ ఇటానియం అని పక్కన కొత్త బావి తవ్వింది. పాత ప్రోగ్రాములు అందులో ఈదలేక ఆయాసపడ్డాయి. ఏఎండీ మాత్రం 2003లో ఆ పాత బావినే లోతు చేసి 64 బిట్లకి దించింది. జనం అటే వెళ్ళారు. మైక్రోసాఫ్ట్ వెళ్ళింది. మరుసటేడు ఇంటెల్ కూడా తన చేద అక్కడే వేసింది. అప్పట్నుంచి గట్టు ఒకరిది, లోతు ఇంకొకరిది. అనుమతి పత్రాలు అటూ ఇటూ రాసుకున్నారు. ఒకర్ని కాదని ఇంకొకరు చుక్క నీరు తోడలేరు. ఇంటెల్ చిప్ మీద కూడా విండోస్ ఆ బావిని ఈరోజుకీ ఏఎండీ64 అనే పిలుస్తుంది.

బావగారు కాసేపు ఆ రెండు వరుసలూ మార్చి మార్చి చూశారు. "అంటే చేద నాది, లోతు వీడిదన్నమాట," అని కొడుకు వీపు మీద చరిచారు. వాడు నవ్వేశాడు. అక్క వంటింట్లోంచి తొంగిచూసి నిట్టూర్చింది. స్టిక్కర్ని ఆయన చొక్కా జేబులో వేసుకున్నారు.

అంతా సుఖంగా ముగిసిందనుకుని లేవబోతుండగా వాడు అడిగాడు. "నాన్నా, సంక్రాంతికి గ్రాఫిక్స్ కార్డు కొందాం. ఎన్విడియా తీసుకుందామా, ఏఎండీయా?"

బావగారు గొంతు సవరించుకున్నారు. నేను చెప్పులు వెతుక్కున్నాను.