ఇంటి ఛాయాచిత్రము

ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లి చేసి చూడుమనియు పెద్దలు చెప్పిరి. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము చెప్పలేదు. ఆ కాలమున ఇల్లు అమ్ముట అరుదు. అమ్మవలసి వచ్చినను కొనువాడు సాధారణముగా ఇరుగుపొరుగువాడే. అతడు ఆ వాకిట వేయిమారులు నడచినవాడు. ఏ గోడ చెమ్మ పట్టునో, ఏ దూలము పుచ్చినదో అతనికి వేరుగ చెప్పనక్కర లేదు. నేడట్లు కాదు. కొల్లాపూరులోని ఇంటిని హైదరాబాదులో నున్నవాడు కొనవచ్చును, అమెరికాలో నున్నవాడును కొనవచ్చును. అతడు మొదట చూచునది ఇంటిని గాదు; చేతిఫోను తెరపై దాని బొమ్మను. కావున అమ్మదలచినవారు ముందుగా ఇంటిని బొమ్మకు సిద్ధపరచవలసి వచ్చుచున్నది.

నల్లమల యడవికిని, కృష్ణానదికిని చేరువగా నున్న కొల్లాపూరు ఒకప్పుడు జటప్రోలు సంస్థానాధీశుల రాజధాని. వారి భవనము నేటికిని నిలిచియున్నది. మామిడిపండ్లకు ఆ సీమ పెట్టినది పేరు. ఆ యూర నొక వీధిలో ఒక పెంకుటిల్లు కలదు. యజమాని డెబ్బదియైదేండ్ల వృద్ధుడు. తపాలాశాఖలో చిరకాలము పనిచేసినవాడు. అతనికి చూపు మందగించినది. అతని భార్యకు మోకాళ్ళ నొప్పులు. హైదరాబాదులో ఉద్యోగము చేయు కుమారుడు ఇరువురను తనయొద్దకు తీసికొనిపోవ నిశ్చయించి, ఇంటిని అమ్మజూపెను. ఒక ఆదివారమునాడు ప్రొద్దుననే ఛాయాగ్రాహకుని వెంటబెట్టుకొని వచ్చెను.

ఆ యువకుడు పెండ్లిండ్లకు చిత్రములు తీయుటలో ఆరితేరినవాడు. ఇల్లంతయు తిరిగి చూచి, "పెద్దయ్యా! ఇంటిలో సామాను కనబడుచున్నది గాని ఇల్లు కనబడుట లేదు" అనెను.

ఆ మాట నిజమే. దండెముపై చీరలు, మంచముక్రింద ఉల్లిగడ్డలు, గోడనిండ పాత క్యాలెండర్లు, కిటికీలో మందుసీసాలు, అర్రలో ఖాళీ గుమ్మి, దాని ప్రక్క ఊరగాయ జాడీలు. కాపురమున్నవారికి ఇవి కంటబడవు. కన్ను అలవాటైన వస్తువును దాటిపోవును. కెమెరాకు అలవాటనునది లేదు. ఎదుట నున్నదానినెల్ల పట్టుకొనును. కొనగోరువాడు ఆ బొమ్మలో పరుల కాపురమును చూచునే గాని, తన మంచమెచ్చట వేసికొనునో, తన పిల్లలెచ్చట చదువుకొందురో ఊహింపలేడు. ఈ కారణముననే అమెరికాలో 1970 ప్రాంతమునుండి ఇండ్లను అమ్మకమునకు ముస్తాబు చేయుట ఒక వృత్తిగా పెరిగినది. అందు ఉచితమైనదియు కలదు, మితిమీరినదియు కలదు.

సర్దుటకు మూడు గంటలు పట్టెను. ఇల్లాలు చీరలను తీసెను, జాడీలను పొరుగింటికి పంపెను. క్యాలెండర్లు తీయగా వాటి వెనుక సున్నము కొత్తదానివలె తెల్లగా నుండి, గోడంతయు చతురస్రములతో నిండెను. దేవుని గూటి జోలికి మాత్రము ఆమె ఎవరిని రానీయలేదు. ఛాయాగ్రాహకుడును పట్టుబట్టలేదు.

పిమ్మట అతడు కిటికీలన్నియు తెరపించెను. కెమెరాను ఎదరొమ్ము ఎత్తున, వంగకుండ నిలిపెను. వంచినచో గోడలు ఒరిగినట్లు కనబడునట. గది మూలనుండి విశాలమైన కటకముతో తీసిన మొదటి చిత్రమును వృద్ధునికి చూపెను. అతడు కండ్లద్దములు సవరించుకొని, "ఇది మన అర్రయేనా? ఇందులో పెండ్లి చేయవచ్చునే!" అనెను. ఆ కటకము దగ్గరి వస్తువులను పెద్దవిగను, దూరపు గోడను మరింత దూరముగను చూపును. అబద్ధమని అనలేము, నిజమనియు అనలేము. తపాలాకచేరిలో తూకములు చూచిన మనిషి కావున వృద్ధుడు టేపు తెప్పించి కొలిపించెను. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు. బొమ్మక్రింద ఆ కొలత వ్రాయవలెనని కుమారునితో చెప్పెను.

"అమ్మా, కొంచెము ప్రక్కకు జరుగుము" అని ఛాయాగ్రాహకుడు పలుమారు అనుచుండగా, ఇల్లాలు విసిగి, "మనుషులు లేని ఇంటిని చూచి ఎవరు కొందురు కొడుకా?" అనెను. ఈ శిల్పము పుట్టుకయే అట్టిది. నేటికి మిగిలియున్న తొలి ఛాయాచిత్రము 1826-27 ప్రాంతమున ఫ్రాన్సులో నియెప్సు అను నతడు తన ఇంటి కిటికీనుండి తీసినది. అందు కప్పులు, గోడలు తప్ప మానవుడు లేడు. 1838లో దగ్వేరు పారిసులో జనసమ్మర్దము గల వీధిని తీసెను. అప్పటి పలకపై బొమ్మ పడుటకు కొన్ని నిమిషములు పట్టెడిది. నడచిపోవు జనులు, బండ్లు మాయమై, బూట్లకు మెరుగు పెట్టించుకొనుచు కదలక నిలిచిన ఒక్క మనిషి మాత్రము స్పష్టముగ మిగిలెను.

వెనుకటి గదిలో ఉత్తరపుగోడ వానకాలమున చెమ్మ పట్టును. అది వేసవి యగుటచే మరక లేతగ నుండెను. బీరువాను అచటికి జరిపిన సరిపోవునని ఛాయాగ్రాహకుడు సూచించెను. కుమారుడు ఒకవైపు పట్టుకొనెను గూడ. వృద్ధుడు వారించెను.

"నాయనా, కొనువారు వచ్చి చూచుకొందురు గదా!" అని కుమారుడనెను.

"వేసవిలో వచ్చినవానికి ఏమి కనబడును? కొనువాడు తగు జాగ్రత్తతో చూచినను కనిపెట్టలేని ముఖ్యలోపము అమ్మువానికి తెలిసియున్నచో, దానిని చెప్పి తీరవలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములో నున్నది. బీరువా దించుము."

బీరువా దిగెను. మరకతో కూడ చిత్రము తీయబడెను. కుమారుని ముఖము చిన్నబోయెను. ఆ ఒక్క బొమ్మతో ధర తగ్గునని అతడెరుగును. అతని చింతయు అకారణము కాదు. తల్లి మోకాళ్ళ చికిత్సకు ఆ డబ్బే ఆధారము.

కడపట వీధివాకిలి. ఆ ఇంటి దర్వాజ టేకుది. మందమైన ద్వారబంధము, ఇత్తడి బిళ్ళలు, పసుపు పేరుకొనిన గడప. అది ఆ ఇంటికొరకు చేసినది గాదు. 1963లో నెహ్రూ శ్రీశైలము ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. ఆ జలాశయము నిండవలసి యుండుటచే 1981 ప్రాంతమున కృష్ణాతీరపు గ్రామములు ఖాళీ చేయబడెను. కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూటికి పైగా గ్రామములనుండి సుమారు లక్షమంది కదలిపోయిరి. అంతకుముందే ఉద్యోగులు వచ్చి ఇండ్లను కొలిచిరి. మట్టిగోడయా, రాతిగోడయా, పెంకులా, గడ్డియా అని వ్రాసికొని వెల కట్టిరి. సోమశిల, జటప్రోలు ఆలయములను విప్పి, మెరకకు తెచ్చి మరల నిలిపిరి. ఇండ్లను విప్పి నిలుపువారెవరు? ఎవరి దూలములు, తలుపులు వారే ఊడదీసికొని బండ్లపై వేసికొనిరి. వృద్ధుడు అప్పటికి ముప్పదియేండ్లవాడు. తండ్రితో కూడ బండి వెనుక నడచి ఆ దర్వాజను కొల్లాపూరునకు తెచ్చెను. ఆ పాత ఇంటికి బొమ్మ లేదు.

"ఇదియే మొదటి బొమ్మగా పెట్టవలెను. పట్టణములవారు ఇట్టి తలుపులకై వెదకుచున్నారు" అని ఛాయాగ్రాహకుడు సంతోషించెను.

"దర్వాజ అమ్మకములో లేదు" అని వృద్ధుడు మెల్లగ అనెను.

కుమారుడు కొంతసేపు ఊరకుండి, "నాయనా, నీవు చెప్పిన చట్టములోనే నున్నది. వేరుగ వ్రాసికొననిచో తలుపులు, కిటికీలు, తాళపుచెవులు ఇంటితోనే పోవును. ఉంచుకొందమన్న ఇప్పుడే వ్రాయుదము. బొమ్మలో చూపి, తరువాత ఊడదీయుట తగదు" అనెను. ఇది ఎత్తిపొడుపు గాదు. తండ్రి గోడ విషయమున నేర్పినదానినే అతడు తలుపు విషయమున అప్పగించెను.

వృద్ధునికి వెంటనే మాట రాలేదు. దర్వాజను హైదరాబాదునకు కొనిపోయినను నిలుపుటకు గోడ ఎక్కడ? నాలుగవ అంతస్తునకు లిఫ్టులో అది పట్టదు. బాల్కనీలో ఆనించిన అది కట్టెయే. అతడు భార్యవైపు చూచెను.

"ఒకమారు ఊడదీసితిమి, చాలును" అని ఆమె అనెను. "ఇంటికే ఉండనిండు. ఏ యూరినుండి వచ్చినదో మాత్రము వ్రాయించుడు."

కుమారుడు ఫోనులో వ్రాయుచుండగా వృద్ధుడు మునిగిన తన యూరి పేరును అక్షరమక్షరముగ చెప్పెను. ఒత్తు తప్పుగ పడగా దిద్దించెను. ఛాయాగ్రాహకుడు దర్వాజను రెండుమార్లు తీసెను: మూసి ఒకమారు, తెరచి ఒకమారు. ఎంచిన పదునాలుగు చిత్రములలో చెమ్మగోడది పండ్రెండవది.

మధ్యాహ్నమునకు ఇల్లాలు పొరుగింటినుండి జాడీలు తెప్పించెను. ఉల్లిగడ్డలు మంచముక్రిందికి చేరెను. ఇల్లు ఇంకను అమ్ముడు పోలేదు గదా. చీరలు దండెముపై ఆరుచుండెను.